చెట్టెక్కడం వచ్చినవాళ్ళు ఐఎస్‌ఏ క్లైంబర్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థమవుతుంది. అమెరికాలోని జార్జియాలో ఒక ట్రీ కంపెనీలో రెండేళ్ళుగా పని చేస్తున్నావు. మొదట కింద కొమ్మలు లాగే పని, ఇప్పుడు క్లైంబర్. ఐఎస్‌ఏ, అంటే చెట్ల సంరక్షణ సంస్థ ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్, ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకుంటే జీతం పెంచుతామన్నారు. మీ నాన్న గీత కార్మికుడు, చిన్నప్పుడే తాటిచెట్టు ఎక్కడం నేర్చుకున్నావు కాబట్టి ప్రాక్టికల్ అంటే భయం లేదు, ఇంగ్లీషులో రాత పరీక్ష అంటేనే టెన్షన్. ఏం చదవాలో చెప్పమన్నావు.

నేనైతే తిరగేసి చెబుతాను. రాత పరీక్ష కూర్చుని చదివితే వచ్చేదే. నువ్వు భయం లేదంటున్న ప్రాక్టికల్ దగ్గరే ఎక్కువ కష్టపడు. పరీక్ష రోజుల్లో చెట్టు కింద సాయానికి నిలబడుతుంటాను కాబట్టి చూస్తూనే ఉన్నాను. బాగా ఎక్కగలిగినవాళ్ళే, రోజూ ఈ పని చేసేవాళ్ళే తప్పుతుంటారు. వాళ్ళకు పని రాక కాదు. పని ఎంత అలవాటైపోయిందంటే, ఏం చూస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో బయటికి కనపడకుండా చేసేస్తారు. పరీక్ష పెట్టేవాడు నీ మనసులో ఉన్నదానికి మార్కులు వేయలేడు. తన కంటికి కనపడినదానికి, చెవికి వినపడినదానికి మాత్రమే వేస్తాడు.

దానికన్నా ముందు అర్హత సంగతి తేల్చుకో. ఐఎస్‌ఏ కనీసం 18 నెలలు చెట్టెక్కే పనిలో అనుభవం అడుగుతుంది. కంపెనీలో చేరిన తేదీ నుంచి లెక్క కాదు, ఎక్కడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి. కొమ్మలు లాగి చిప్పర్‌లో (కొమ్మలను ముక్కలు చేసే యంత్రంలో) వేసిన నెలలు అందులోకి రావు. నీ రెండేళ్ళలో ఎక్కినవి ఎన్ని నెలలో సూపర్‌వైజర్‌తో కూర్చుని చూసుకో, ఆయనకు కూడా గుర్తుండాలి. ఏరియల్ రెస్క్యూలో, అంటే చెట్టు మీద చిక్కుకున్నవాడిని కిందికి దించడంలో శిక్షణ, గడువు దాటని సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ కార్డులు కూడా కావాలి. ఈ సర్టిఫికెట్‌ను ఒకప్పుడు సర్టిఫైడ్ ట్రీ వర్కర్ క్లైంబర్ స్పెషలిస్ట్ అనేవాళ్ళు, ఇప్పుడు సర్టిఫైడ్ ట్రీ క్లైంబర్ అంటున్నారు. పాత పేరుతో దొరికే నోట్సు చదువుకోవచ్చు, కానీ సమయం ఎంత, మార్కులు ఎలా అన్నవి మాత్రం ఈ ఏటి హ్యాండ్‌బుక్‌లోనే చూడు. ఇంకో మాట, సర్టిఫైడ్ ఆర్బరిస్ట్ అనేది వేరే పరీక్ష, అందులో చెట్టెక్కే భాగం ఉండదు. మీ కంపెనీ అడుగుతున్నది ఏదో ఖాయం చేసుకున్నాకే ఫీజు కట్టు.

ఇప్పుడు చెట్టు దగ్గరికి వద్దాం. మాదీ గీత వృత్తి కుటుంబమే, జనగామ వైపు. అందుకే ఈ విషయం నీతో సూటిగా చెప్పగలను. మోకు కట్టి ఎక్కేవాడికి ఆధారం కాండం చుట్టూ ఉంటుంది. తాటిచెట్టుకు కొమ్మల్లేవు కాబట్టి మోకు పైకి జరుపుకుంటూ పోవడమే, దారిలో విప్పి మళ్ళీ వేసే పని రాదు. మిగతాదంతా కాళ్ళకు వేసుకునే తాడు బంధం గుజి, ఒంట్లో ఉన్న బలం, ధైర్యం. ఇక్కడ ఆధారం నీ తల పైన, కొమ్మల పంగలో వేసిన తాడు. ఓక్ చెట్టు మీద కొమ్మ అడ్డం వచ్చిన ప్రతిచోటా లాన్యార్డ్ (నడుము నుంచి కాండం చుట్టూ వేసే పొట్టి తాడు) విప్పి పైన వేయాల్సి వస్తుంది. అది విప్పే క్షణంలో నిన్ను పట్టుకుని ఉన్న ఇంకో కట్టు ఉండి తీరాలి. కాలి పట్టు బాగుంది కదా అని రెప్పపాటు కాలం ఏ కట్టూ లేకుండా నిలబడ్డా పరీక్ష అక్కడితో ఆపేస్తారు. ఎంత ఎత్తులో ఉన్నావు, ఎంత చక్కగా ఎక్కావు అన్నది ఆ తర్వాత ఎవరూ చూడరు.

చిన్నప్పటి నుంచి ఎక్కినవాళ్ళకు ఇది మిగతావాళ్ళకంటే కష్టం. మన కాళ్ళు మనల్ని మోస్తాయన్న నమ్మకం ఒంట్లోనే ఉంటుంది. మన ఊళ్ళల్లో ఆ నమ్మకంతో ఎక్కి పడిపోయినవాళ్ళు, నడుము విరిగి మంచం పట్టినవాళ్ళు మనందరికీ తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు బెల్టు, తాళ్ళ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే. మీ నాన్నకు ఇంకా అది అందకపోతే, ఫోన్‌లో ఒకసారి గట్టిగా అడుగు.

సాధన ఎలా అంటావా? రోజూ పనిలో ఏది విప్పినా, ఏది తగిలించినా నోటితో చెప్పు. “లాన్యార్డ్ ఆన్. చెకింగ్. క్లైంబింగ్ లైన్ ఆఫ్.” పక్కవాళ్ళు మొదట్లో వింతగా చూస్తారు, చూడనీ. కొన్ని వారాలకు నోరు పలకనిదే చెయ్యి క్యారబైనర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) మీదికి పోదు. పరీక్షలో టెన్షన్‌తో బుర్ర మొద్దుబారినప్పుడు నిన్ను కాపాడేది ఈ అలవాటే.

ఎక్కకముందు చేసే తనిఖీ దగ్గర కూడా నోరే ముఖ్యం. చాలామంది చెట్టు చుట్టూ గబగబా ఒక చుట్టు తిరిగి “లుక్స్ గుడ్” అంటారు. అది తనిఖీ కింద లెక్కకు రాదు. దూరం నుంచే మొదలుపెట్టు. ముందు కరెంటు తీగలు, తర్వాత పైన విరిగి వేలాడే కొమ్మలు, ఎండుకొమ్మలు. దగ్గరికి వచ్చాక నేల మీద కందిరీగలు, ఎల్లోజాకెట్ల బొరియలు ఉన్నాయేమో చూడు, జార్జియాలో అవి నేలలోనే గూడు పెడతాయి. కాండం మీద దట్టంగా నూగు వేర్లతో, బొచ్చు తాడులా పాకిన తీగ కనపడితే అది పాయిజన్ ఐవీ. ఆకులు రాలిపోయిన చలికాలంలో కూడా ఆ తీగ ముట్టుకుంటే ఒళ్ళంతా పొక్కుతుంది. ఆ తర్వాత మొదలు దగ్గర కూర్చో. అవును, మోకాళ్ళ మీద కూర్చుని చూడు. వేళ్ళు నేలలోకి దిగే చోట పుట్టగొడుగులో, గట్టి బెరడులాంటి బూజు పళ్ళేలో ఉంటే లోపల కుళ్ళు ఉన్నట్టు అనుమానించాలి. నేల పగిలిందా, ఒకవైపు పైకి లేచిందా చూడాలి. మాలెట్‌తో (మొద్దు సుత్తితో) కాండం చుట్టూ కొట్టి విను, గట్టి కర్రకూ బోలు కర్రకూ శబ్దం తేడా చెవికి తెలుస్తుంది. రెండు కాండాలు ఒకే చోట నుంచి సమానంగా లేచిన చోట మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోయిందేమో చూడు, ఆ జోడు బలహీనం. ఏమీ కనపడకపోయినా, కనపడలేదనే మాట కూడా పైకి చెప్పు. “నో ఫంగస్ ఎట్ ద బేస్” అంటే నువ్వు అక్కడ చూశావని వాళ్ళకు తెలుస్తుంది. దీనికి గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు, పొడి మాటలు చాలు.

త్రో లైన్ (బరువు సంచి కట్టి కొమ్మల మీదికి వేసే సన్నతాడు) విసరడం గురించి ఎక్కువ రాయను, అది రోజూ విసిరితేనే వస్తుంది. పన్నెండు ఔన్సుల సంచితో, పది నిమిషాలు, పనికి ముందు. సంచి కొమ్మల్లో ఇరుక్కుంటే కోపంతో లాగకు, అది తెగి మీదికే వస్తుంది. విసిరే ముందు ప్రతిసారీ “స్టాండ్ క్లియర్” అని గట్టిగా అరిచి, కిందివాళ్ళు “ఆల్ క్లియర్” అనేవరకు ఆగాలి. అరవడం అందరూ చేస్తారు, జవాబు కోసం ఆగేవాళ్ళు తక్కువ. జవాబు రాకుండా విసిరితే అరిచినా అరవనట్టే. పైనుంచి కొమ్మ కోసి వదిలేటప్పుడూ ఇదే పద్ధతి.

తాడు పంగలో పడ్డాక, నీ ఒక్కడి బరువు కంటే ఎక్కువ బరువు పడేలా ఇంకొకరితో కలిసి వేలాడి చూసి, అప్పుడు ఎక్కు. ముడి విషయానికి వస్తే, పరీక్షకు కొత్త ముడి నేర్చుకోవద్దు. కంపెనీలో పరికరాలు మారాయని, యూట్యూబ్‌లో ఎవరో కొత్త హిచ్ (తాడు మీద జరుగుతూ, బరువు పడితే బిగిసే ముడి) చూపించారని దాంతో వెళ్ళేవాళ్ళున్నారు. బ్లేక్స్ హిచ్ నీకు చేతికి వచ్చి ఉంటే అదే వాడు. తాడు చుట్టూ పైకి నాలుగు చుట్లు, కొసను కిందికి తెచ్చి, నీ శాడిల్ (నడుముకు కట్టుకునే ఎక్కే బెల్టు) నుంచి ముడికి వచ్చే తాడు ముక్క మీదుగా, అసలు తాడు వెనక్కి తిప్పి, కింది రెండు చుట్ల కింద నుంచి పైకి తీయాలి. కొస జారిపోకుండా దానికి ఫిగర్ ఎయిట్ స్టాపర్ ముడి వేయడం మరిచిపోకు. వేసిన ముడిని సర్ది, బిగించి, బరువు వేసి చూడు. ఈ మూడూ విడివిడి పనులు, మూడూ కనపడేలా చెయ్యి. వేగంగా దిగితే ఈ ముడి వేడెక్కి తాడు పైపొర కరిగి మెరుపెక్కిపోతుంది, కాబట్టి దిగేటప్పుడు నిదానం.

లింబ్ వాక్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. కొమ్మ చివరిదాకా నడిచి వెళ్ళి అక్కడ పెట్టినదాన్ని చేరుకోవాలి. మన అలవాటు కొమ్మను కౌగిలించుకుని పాకడం, చేతులతో పైకొమ్మ పట్టుకుని నడవడం. రెండూ వద్దు. తాడు మీద బరువు వేసి, వెనక్కి వాలి, పాదాలు కొమ్మకు అడ్డంగా పెట్టి పక్కగా నడవాలి. హిచ్‌లోంచి తాడు వదులుతూ, ఎప్పుడూ బిగువుగా ఉంచాలి. తాడు వదులైన క్షణం నువ్వు కొమ్మ మీద బరువంతా వేసి బతుకుతున్నట్టే. దూరం వెళ్ళేకొద్దీ తాడు వాలు పెరుగుతుంది, జారితే కాండం వైపు ఊగిపోయి గుద్దుకుంటావు. అందుకే పైన తాడు కట్టే చోటు ఎంత ఎత్తులో ఉంటే అంత మేలు. అక్కడికి చేరాక లాన్యార్డ్ కూడా వేసి, రెండు కట్లతో నిలబడి, అప్పుడు పని చెయ్యి. నేల మీద ఒక లావు దుంగ వేసి, పైన కొమ్మకు తాడు కట్టుకుని, ఆ దుంగ మీద వెనక్కి వాలి నడవడం సాధన చెయ్యొచ్చు. అడుగు ఎత్తులో చేసినా కాళ్ళకు పాఠం ఒకటే.

శిక్షణ కార్డు ఉంది కదా అని ఏరియల్ రెస్క్యూను పక్కన పెట్టేయకు. పైన ఉన్నవాడు స్పందించడం లేదంటే మన రక్తం పరిగెత్తమంటుంది. పరిగెత్తకూడదు. మొదటి ప్రశ్న, కరెంటు తగిలిందా? తగిలి ఉంటే, లైను ఆపారని కరెంటు కంపెనీ చెప్పేవరకు చెట్టును ముట్టుకోకూడదు. రెండోది, 911కు ఫోన్, చిరునామాతో సహా. పైవాడిని పేరుపెట్టి పిలుస్తూ ఉండాలి. ఎక్కేది నీ తాడు మీద, నీ కట్టుతో. అతని తాడు, శాడిల్ ఎలా ఉన్నాయో చూసి, నీకు జత చేసుకుని, ఇద్దరూ కలిసి నిదానంగా దిగాలి. శాడిల్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోతుంది, అందుకే ఆలస్యం కూడా ప్రాణాంతకమే. సాధనలో బొమ్మతోనైనా మనిషితో మాట్లాడినట్టే మాట్లాడు. మీ కంపెనీలో ఏటా ఒకసారి చేయిస్తున్నారో లేదో కానీ, నెలకోసారి మీరే ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకోండి. ఇది పరీక్ష కోసం మాత్రమే చెప్పడం లేదు.

ఇక రాత పరీక్ష. ఇందులో భద్రత ముఖ్యం, అందుకే ఆన్సీ జెడ్133 ప్రమాణం, అంటే చెట్టు పనివాళ్ళ అమెరికా భద్రతా నియమాల పుస్తకం, మొదట చదువు. ఈ పుస్తకం ఎలా పుట్టిందో తెలుసుకుని చదివితే బుర్రకెక్కుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో పెయింటెడ్ పోస్ట్ అనే ఊళ్ళో ఎథెల్ హగ్ అనే తల్లి కొడుకు చెట్టు కొమ్మలు కొట్టే పనిలో చనిపోయాడు. ఈ పనికి నియమాలుండాలని ఆవిడ పట్టుబట్టింది. 1968లో కమిటీ కూర్చుంది, 1972లో తొలి ముద్రణ వచ్చింది. అందులో ప్రతి వాక్యం వెనుక ఎవరో ఒక మనిషి ఉన్నాడనుకుని చదువు.

గుర్తుండాల్సిన అంకెలు పెద్దగా లేవు. కరెంటు పనికి ప్రత్యేక శిక్షణ లేనివాళ్ళు 50 వేల వోల్టుల వరకు ఉన్న తీగకు కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి, వోల్టేజీ పెరిగితే దూరం ఇంకా పెరుగుతుంది. ఆ దూరం నీ ఒంటికే కాదు, నీ చేతిలోని రంపానికీ, నువ్వు కోసే కొమ్మకూ వర్తిస్తుంది. ఫోను తీగ, కేబుల్ తీగ అయినా సరే, కరెంటు ఉన్నట్టే అనుకోవాలి. క్లైంబింగ్ లైన్ తెగే బలం కనీసం 5,400 పౌండ్లు, క్యారబైనర్‌కు 5,000 పౌండ్లు. క్యారబైనర్ దానంతటదే మూసుకుని తాళం పడేదై ఉండాలి, తెరవడానికి కావాలని కనీసం రెండు కదలికలు చేయాల్సి రావాలి. చెట్టు మీద చెయిన్‌సా వాడేటప్పుడు రెండు కట్లు, రెండు చేతులు. గాల్లో వేలాడదీసి తాడు లాగి స్టార్ట్ చేయడం నిషేధం. రోజూ పనిలో చూసే తప్పులన్నీ ఆ పుస్తకంలో పేరుపేరునా కనపడతాయి, అందుకే నీకు త్వరగా గుర్తుంటుంది.

కత్తిరింపు మీద ప్రశ్నలు ఏ300 ప్రమాణం నుంచి వస్తాయి. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి చెప్పిన సంగతి ఇందులో పునాది. చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదు, కుళ్ళు పాకకుండా చుట్టూ గోడలు కట్టి దాన్ని లోపలే మూసేస్తుంది. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కనపడే కాలర్‌లోనే ఆ బలం ఎక్కువ. అందుకే కాలర్‌ను తగలకుండా, దాని బయటే కోయాలి. కాండానికి అంటుకుపోయేలా కోసినా తప్పే, మోడు వదిలినా తప్పే. బరువైన కొమ్మకు ముందు కింద నుంచి గాటు, కాస్త ముందుకు జరిగి పై నుంచి కోత, చివరగా మోడును కాలర్ బయట. కొమ్మను కుదించేటప్పుడు మిగిలే పక్కకొమ్మ, తీసేసే కొమ్మ లావులో కనీసం మూడో వంతు ఉండాలి. బతికి ఉన్న చెట్టును కత్తిరించడానికి కాళ్ళకు స్పర్స్ (కాండంలో గుచ్చుకునే ఇనుప మేకులు) కట్టుకుని ఎక్కకూడదు, అవి నరికేసే చెట్టుకే. తల నరికి మొండి చేయడం గురించి ప్రశ్న వస్తే, తప్పు అన్నదే జవాబు, ఇంటి యజమాని ఎంత బతిమాలినా.

చెట్ల పేర్లకు పుస్తకం కంటే మీ వీధి మేలు. వాటర్ ఓక్, విల్లో ఓక్, స్వీట్‌గమ్, ట్యూలిప్ పాప్లర్, లాబ్లాలీ పైన్. రోజుకు ఒక చెట్టు ఆకు, బెరడు, మొగ్గ ఫోటో తీసి, ఇంగ్లీషు పేరు పక్కన రాసుకో. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా వస్తున్నాయా, ఒకటి విడిచి ఒకటా అన్నది ముందు చూస్తే సగం చెట్లు పక్కకు పోతాయి.

నీ ఇంగ్లీషు భయానికి నా మందు ఒక్కటే. ఇచ్చిన జవాబుల్లోంచి ఎంచుకునే రకం ప్రశ్నలు, వ్యాసం రాయమనరు. జెడ్133లో ఒక పేజీ చదివి, దాన్ని తెలుగులో మీ ఆవిడకో స్నేహితుడికో చెప్పు. చెప్పగలిగావంటే అర్థమైనట్టు. తర్వాత అదే పేజీ ఇంగ్లీషులో మళ్ళీ చదువు. ప్రశ్నలో “ఎక్సెప్ట్”, “నాట్”, “ఫస్ట్” అనే మాటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూసుకున్నాకే జవాబు వైపు వెళ్ళు. విషయం తెలిసినవాళ్ళు కూడా ఈ మూడు మాటల దగ్గరే తప్పు గుర్తు పెడతారు.

పరీక్షకు కొన్ని రోజుల ముందే సామాన్లన్నీ నేల మీద పరిచి చూడు. తాడు మొత్తం వేళ్ళ మధ్య నుంచి లాగుతూ పో, లోపల మెత్తబడిన చోటు, పోగులు తెగిన చోటు కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. శాడిల్ కుట్లు, లాన్యార్డ్ చివర్లు, హెల్మెట్ లోపలి తేదీ, అన్నీ. లేబుల్ చెరిగిపోయిన పరికరం తీసుకెళ్ళకు, ఎంత బాగున్నా దాని బలం ఎంతో రుజువు చూపించలేవు.

పాసైతే సర్టిఫికెట్ మూడేళ్ళు ఉంటుంది. ఆ మూడేళ్ళలో శిక్షణ తరగతుల యూనిట్లు జమ చేసుకుంటే మళ్ళీ పరీక్ష రాయకుండా పొడిగించుకోవచ్చు, కాబట్టి వెళ్ళిన ప్రతి క్లాసు కాగితం దాచుకో.

నీ శాడిల్, తాళ్ళు, క్యారబైనర్ల ఫోటోలు దగ్గరగా తీసి ఇక్కడ పెట్టు, ఏవి మార్చాలో చూసి చెబుతాను. నువ్వు ఎక్కే పద్ధతి వీడియో తీయించి పెడితే ఇంకా మంచిది, మాటలు కూడా వినపడేలా తీయించు.